గోడ మీద చోటు

మన ఇళ్లలో హాలు గోడకు ఆయతుల్ కుర్సీ పటం ఉంటుంది, కాబా చిత్రం ఉంటుంది, మసీదులో పంచిన నమాజు వేళల క్యాలెండరు ఉంటుంది. పిల్లలు గీసిన బొమ్మలకు మాత్రం ఆ గోడపై చోటుండదు. పాత నోటుపుస్తకాలతో పాటు అవీ తూకానికి వెళ్లిపోతాయి. చిత్రాలున్న ఇంట దైవదూతలు ప్రవేశించరన్న హదీసు పట్ల భయభక్తులు ఇందుకు కొంత కారణమైతే, గోడ రంగు పాడవుతుందన్న బెంగ మరికొంత. నిజం చెప్పుకోవాలంటే రెండవదే ఎక్కువ.

అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్న మూడవ నెలలో, మూడవ తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆయన బొమ్మ గీసింది. వేపచెట్టు కింద కుర్చీలో, తెల్లటి గడ్డంతో, చేత తస్బీహ్ పట్టుకుని కూర్చున్న దాదా. దానిని తెచ్చి హాలులో ఖిబ్లా వైపు గోడకు తానే అతికించింది. అమ్మీజాన్ నమాజు చేసుకునేది అక్కడే. ఆమె ఇంకా ఇద్దత్‌లోనే ఉన్నారు. ఆ బొమ్మను చాలాసేపు చూసి, జానిమాజ్ తీసుకుని లోపలి గదికి వెళ్లిపోయారు. తీసివేయమని అనలేదు, ఉంచమనీ అనలేదు.

ఆ రాత్రి మేమిద్దరమూ హదీసు గ్రంథాలు తిరగవేశాము. హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ఇంట ఒక పక్క బొమ్మల తెర వేలాడుతుండేదని, నమాజులో ఆ చిత్రాలు తమ దృష్టికి వస్తున్నాయని, దానిని తొలగించమని దైవప్రవక్త (స) సెలవిచ్చారని సహీహ్ బుఖారీలో ఉంది. చిత్రలేఖనమే తన జీవనోపాధి అని చెప్పుకున్న ఒక వ్యక్తికి ఇబ్నె అబ్బాస్ (ర), చెట్లనూ ప్రాణం లేని వస్తువులనూ గీసుకోమని సలహా ఇచ్చారు. అబూ దావూద్‌లోని ఉల్లేఖనం వద్ద మాత్రం చాలాసేపు ఆగిపోయాము. ఆయిషా (ర.అన్హా) ఆటబొమ్మల నడుమ గుడ్డపీలికల రెక్కలున్న గుర్రం ఒకటి ఉంది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగారు. సులైమాన్ (అలైహిస్సలాం) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్నించారు. ఆయన (స) దంతాలు కనిపించేలా నవ్వారు. తెరను తీయించినదీ ఆ ఇంటనే, ఈ నవ్వు వినిపించినదీ ఆ ఇంటనే. మొదటిది మనకు కంఠస్థం. రెండవదానిని పిల్లలకు చెప్పేవారు తక్కువ.

ఆటబొమ్మలకున్న మినహాయింపు పిల్లలు కాగితంపై గీసే బొమ్మలకూ వర్తిస్తుందా అన్న విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. దానిని తేల్చడం మా స్థాయి కాదు గనుక జాగ్రత్త వైపే మొగ్గాము. అమ్మాయిని కూర్చోబెట్టుకుని తెర సంగతీ, గుర్రం సంగతీ రెండూ చెప్పాము. గుర్రం దగ్గర నవ్వింది. ఆపైన, "దాదా ముఖం లేకుండా దాదాను ఎలా గీయాలి?" అని అడిగింది. మా వద్ద సమాధానం లేదు.

మరునాడు తానే గీసుకుని వచ్చింది. అదే వేపచెట్టు. ఖాళీ కుర్చీ, దాని చేతికి వేలాడుతున్న తస్బీహ్, కింద చెప్పుల జత. అందులో ఒకటి బోర్లా పడి ఉంది. అమ్మీజాన్ కాగితాన్ని దగ్గరకు తీసుకుని, "ఆ ఎడమ చెప్పు ఎప్పుడూ అలాగే విడిచేవారు" అన్నారు. ఆయన పోయిన తరువాత ఆయన గురించి ఆమె తానుగా ఎత్తిన మొదటి మాట అది.

ఇప్పుడు వంటగది పక్క గోడకు నైలాను తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పిల్లల బొమ్మలు తగిలిస్తున్నాము. జుమా రోజున పాతవి దించి కొత్తవి పెట్టడం వారి పనే. దించినవాటి వెనుక తేదీ వేసి ఫైలులో దాస్తాము. ముఖం గీసిన ఆ మొదటి బొమ్మ కూడా అందులోనే ఉంది. అమ్మీజాన్ అప్పుడప్పుడు ఆ ఫైలు తెమ్మంటారు.