రఘునాథపల్లి నుండి దోర్నకల్ వరకు ఒక రోజు



మన కుటుంబాలు పెళ్లికో, ఆసుపత్రికో, మహాసభలకో తప్ప ప్రయాణం కట్టవు. ఊళ్లు చూడటానికని ఒక రోజు తీసిపెట్టుకోవడం దుబారా అనుకుంటాము. అయితే మన పాత వరంగల్ జిల్లాలోనే అటువంటి రోజుకు తగిన దారి ఒకటి ఉంది. 2016లో జిల్లాలు విడిపోయాక అది జనగామ జిల్లాలో మొదలై మహబూబాబాద్ జిల్లాలో ముగుస్తుంది. రఘునాథపల్లిలో రైలెక్కి కాజీపేట మీదుగా దోర్నకల్ పోవచ్చు గాని, రోడ్డున పోతేనే ఈ నేల కనబడుతుంది. గత చలికాలంలో మా సంఘంలోని రెండు కుటుంబాలతో కలిసి, సద్ది కట్టుకొని, అద్దె జీపులో ఆ దారిన వెళ్లాను.

మొదట చూడవలసినది మన మండలంలోనే ఉన్న కిలాషాపూర్ కోట. గీత వృత్తివారి ఇంట పుట్టిన సర్వాయి పాపన్న కట్టించిన కోట అది. 1708లో ఆయన ఏకంగా వరంగల్ పట్టణం మీదనే దాడి చేశాడు. 1710లో మొగలు అధికారులు పట్టి చంపించారు. తక్కువ కులాలుగా ఎంచబడినవారు, ముస్లిములు కూడా ఆయన వెంట నడిచారని చరిత్రకారులు వ్రాశారు. ఆ బురుజుల ముందు నిలబడి, రాజవంశం కానివాడు కూడా కోట కట్టగలిగాడని మన పిల్లలకు చెప్పాలి.

మరల పెద్ద రోడ్డెక్కి, స్టేషన్ ఘన్‌పూర్ దాటి దక్షిణంగా తిరిగితే పాలకుర్తి వస్తుంది. దారికి ఇరుపక్కల నల్లరాతి గుట్టలు, చెరువు కట్టలు, వరుసగా తాటిచెట్లు, పత్తి చేలు. సామాన్యులు పాడుకొనే ద్విపదలో బసవ పురాణం వ్రాసిన పాల్కురికి సోమనాథుని ఊరు పాలకుర్తి. ఆ పక్కనే బమ్మెర. పోతన ఇంటిపేరు ఈ ఊరి పేరే. తన భాగవతాన్ని రాజులకు అంకితం ఇవ్వనన్న కవి ఆయన. హలం పట్టి బ్రతికాడని ఇక్కడి రైతులు నేటికీ గర్వంగా చెప్పుకుంటారు.

తొర్రూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రోడ్డు పక్క హోటలులో బెంచీ మీద కూర్చొని చాయ తాగాము. మా జీపులోని పెద్దాయన గ్లాసు చేతిలో పట్టుకొని చాలాసేపు చూశాడు. తన చిన్నతనంలో ఇటువంటి హోటళ్లలో తమవారికి వేరే గ్లాసులు ఉండేవట. బయట నేల మీద కూర్చొని తాగి, ఎవరి గ్లాసు వారే కడిగి పెట్టాలట. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం పదిహేడవ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటలులోకి ఎవరినీ కులం పేరున రానివ్వకుండా ఉండరాదని పదిహేనవ అధికరణం చెప్పింది. కాని చట్టం వచ్చిన ఎన్నో ఏండ్లకు గాని ఆ బెంచీ మీద తనకు చోటు దొరకలేదన్నాడు. పిల్లలు బజ్జీలు తినడం ఆపి విన్నారు.

అక్కడి నుండి మహబూబాబాద్ మీదుగా దోర్నకల్. పొద్దుగూకే వేళకు చేరాము. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తమిళదేశం నుండి 1909లో ఇక్కడికి సేవకు వచ్చారు. మొదటి రోజులలో ఆయనకు గుడారమే బస. తెలుగు నేర్చుకొని, పల్లెపల్లె తిరిగారు. ఊరి బయట ఉంచబడినవారే ఎక్కువగా ఆయన మాట విన్నారు. 1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరో మహాసభలో విదేశీ మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మాకు స్నేహాన్ని కూడా ఇవ్వండని ఆయన ధైర్యంగా అడిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

1939 జనవరి 6న ప్రతిష్ఠించబడిన దోర్నకల్ దేవాలయాన్ని చూడండి. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని తలపిస్తాయి. ఈ నేల మీద పుట్టినవారెవరూ అక్కడ పరాయివారమని అనుకోనక్కరలేదు. అజరయ్య గారు 1945 జనవరి 1న ఈ ఊరిలోనే కన్నుమూశారు.

ఆ రాత్రి మాకు ముందు పరిచయం లేని ఒక కుటుంబం తమ ఇంట చోటిచ్చింది. వేడి అన్నం, పప్పు, మిరపకాయ తొక్కు. తొర్రూరులో మాట్లాడిన ఆ పెద్దాయనను ఇంటి యజమాని చేయి పట్టుకొని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మమ్రే దగ్గర అబ్రాహాము ముగ్గురు బాటసారులకు చెట్టు నీడ చూపి భోజనం పెట్టిన సంగతి మనకు తెలుసు. ఆయన బస కూడా గుడారమే. అతిథిని చేర్చుకోవడానికి మేడ అక్కరలేదు.

పంట ఇంటికి వచ్చాక మీరును ఒక రోజు తీసిపెట్టుకోండి. పెద్దవారిని తప్పక వెంట తీసుకువెళ్లండి. ఈ దారిలో రాతి మీద వ్రాయని చరిత్ర వారి నోటనే ఉంది. వారు వెళ్లిపోయాక అడుగుదామన్నా చెప్పేవారుండరు. తిరిగి వచ్చాక మన ఇంటికి పనికి వచ్చినవారికి చాయ ఏ గ్లాసులో ఇస్తున్నామో, ఎక్కడ కూర్చోబెడుతున్నామో ఒకసారి చూసుకుందాము.