జైలు గడప దగ్గర మొదలవ్వాల్సిన ఖర్చు

నార్త్ కరోలినాలో ర్యాలీ, కేరీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు కౌంటీ ప్రభుత్వం గుర్తొచ్చేది ఎక్కువగా ఇంటి పన్ను బిల్లు వచ్చినప్పుడే. అయితే ఆ కౌంటీల ఖాతాల్లోకి 2022 నుంచి ఎవరి పన్నూ కాని సొమ్మొకటి వస్తోంది. నల్లమందు జాతికి చెందిన నొప్పి మాత్రలను, అంటే ఓపియాయిడ్లను, ఊళ్ల మీదికి వరదలా వదిలారన్న కేసుల్లో తయారీదారులు, పంపిణీదారులు, పెద్ద మందుల షాపుల సంస్థలు కట్టడానికి ఒప్పుకున్న పరిహారం అది. 2021లో మెక్‌కెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్జెన్, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి 26 బిలియన్ డాలర్లకు ఒప్పుకున్నాయి. ఆ తర్వాత టెవా, సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్ లాంటివి చేరాక దేశం మొత్తం మీద లెక్క 50 బిలియన్లు దాటింది. పంపిణీదారుల వాటా 18 ఏళ్ల పాటు విడతలుగా అందుతుంది. నార్త్ కరోలినాకు రాబోయేది దాదాపు 1.5 బిలియన్లు. అందులో 85 శాతం నేరుగా స్థానిక ప్రభుత్వాలకే వెళ్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఈ ఒప్పందాల కింద నేరుగా దక్కేది ఏమీ లేదు. అందుకే ఆమె పేరు మీద ప్రభుత్వాలు తీసుకున్న ప్రతి డాలరూ ఇంకొక తల్లికి ఆ గతి పట్టకుండా ఆపాలి. ఈ కొలతతో చూస్తే ఈ సొమ్ము మీద మొదటి హక్కు కౌంటీ జైల్లో ఉన్న వ్యసనపరుడిదని నా వాదన.

ముందు ఈ సొమ్ము దారి మళ్లుతుందన్న భయం సంగతి చెప్పాలి. 1998లో పొగాకు కంపెనీలు 46 రాష్ట్రాలతో రాజీపడి, మొదటి 25 ఏళ్లలో 206 బిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. పొగతాగుడు మాన్పించడానికి అందులో ఖర్చయింది చాలా స్వల్పం. మిగతాది బడ్జెట్ లోటు పూడ్చడానికి, రోడ్లకు పోయింది. నార్త్ కరోలినాలోనైతే కొంత పొగాకు రైతులకే చేరింది. ఒక పనికని కేటాయించిన నిధులు ఇంకో పద్దులోకి జారిపోవడం తెలుగు పాఠకులకు కొత్త విషయం కాదు. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక నిధుల మళ్లింపును ఆపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది. పొగాకు పాఠం గుర్తుండబట్టే 2021 ఒప్పందంలో కనీసం 85 శాతం ఓపియాయిడ్ నష్టాన్ని సరిదిద్దడానికే వాడాలని రాశారు. అయినా జారుడు ఆగలేదు. టెనెసీలోని గ్రీన్ కౌంటీ తొలి విడతల్లో వచ్చిన 27 లక్షల డాలర్లలో 24 లక్షలు అప్పులు తీర్చడానికి మళ్లించింది. న్యూజెర్సీలోని ఇర్వింగ్టన్ పట్టణం ఓపియాయిడ్ అవగాహన పేరుతో సంగీత కచేరీల మీద 6 లక్షల డాలర్లకు పైగా వెచ్చించిందని ఆ రాష్ట్ర కంప్ట్రోలర్ తప్పుపట్టాడు. కొన్ని కౌంటీలు జైళ్లకు బాడీ స్కానర్లు, పోలీసులకు వాహనాలు కొన్నాయి.

ఇంతకంటే మంచి ఖర్చు ఏమిటని అడిగితే జవాబు వెతుక్కోనక్కర్లేదు. ఓపియాయిడ్ వ్యసనానికి మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ అనే మందులున్నాయి. ఇవి వాడుతున్నంత కాలం మరణ ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని అనేక దేశాల అధ్యయనాలు తేల్చాయి. మరి జైలే ఎందుకు? జైల్లో పడ్డవాడికి మత్తు ఆగుతుంది. కొన్నాళ్లకు ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, తపన మాత్రం అలాగే ఉంటుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోతుంది. అందులోనూ ఇప్పుడు వీధిలో దొరికేది ఇంకా బలమైన ఓపియాయిడ్ ఫెంటనిల్. వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ల నుంచి విడుదలైనవారిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు సామాన్య జనంతో పోలిస్తే 129 రెట్లు ఉంది. ఏ మనిషి, ఏ తేదీన, ఏ తలుపు దాటి ఆ ముప్పులోకి నడుస్తాడో ప్రభుత్వానికి ముందే తెలిసే సందర్భం ఈ విపత్తు మొత్తంలో ఇదొక్కటే. పైగా ఆ తలుపు కౌంటీది. బయట పేదవాడి వైద్యానికి మెడికెయిడ్ ఉంది. 2023 డిసెంబరులో నార్త్ కరోలినా దాన్ని విస్తరించింది కూడా. కానీ ఖైదీ వైద్యానికి మెడికెయిడ్ చెల్లించకూడదన్నది 1965 నుంచీ ఉన్న కేంద్ర నిబంధన. ఈమధ్య కొన్ని రాష్ట్రాలకు పాక్షికంగా మినహాయింపులు ఇస్తున్నా జైలు మందుల భారం ఇప్పటికీ ప్రధానంగా కౌంటీ మీదే ఉంది. వేరే ఎవరూ కట్టని చోట, కౌంటీ తప్ప ఎవరూ చేయలేని పనికి వాడినప్పుడే ఈ సొమ్ముకు పూర్తి విలువ.

ఇది కాగితం మీది ఊహ కాదు. రోడ్ ఐలండ్ 2016లో తన జైళ్లన్నిటిలో మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్, వీటితో పాటు మత్తును అడ్డుకునే నాల్ట్రెక్సోన్ మూడూ అందుబాటులోకి తెచ్చింది. లోపలికి వచ్చిన ప్రతివాణ్నీ పరీక్షించి, అవసరమైనవాడికి మందిచ్చి, విడుదలయ్యాక చికిత్స తెగిపోకుండా బయటి క్లినిక్‌కు అప్పగించింది. 2016 తొలి ఆరు నెలల్లో ఓవర్‌డోస్‌తో మరణించినవారిలో 26 మంది అంతకుముందే జైలు నుంచి వచ్చినవారు. 2017లో అవే నెలల్లో వాళ్లు 9 మందే. చిన్న రాష్ట్రం, చిన్న అంకెలు, నిజమే. కానీ అంత తక్కువ కాలంలో అంత తగ్గుదల చూపించిన స్కానరు గాని, కచేరీ గాని లేదు. చట్టం కూడా ఇటే మొగ్గుతోంది. డాక్టరు రాసిన బ్యూప్రెనార్ఫిన్‌ను జైల్లో కొనసాగించాలని మెయిన్ రాష్ట్రంలోని అరూస్టుక్ కౌంటీని 2019లో ఫెడరల్ కోర్టు ఆదేశించింది. ఆ చికిత్సను నిరాకరించడం వికలాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘించడమేనని 2022లో కేంద్ర న్యాయశాఖ స్పష్టం చేసింది.

ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మత్తు ఇవ్వడమేమిటని మన ఇళ్లలోనూ అంటారు. నిర్ణీత మోతాదులో వైద్యుడి కనుసన్నల్లో తీసుకునే మందు తపనను అణుస్తుంది, మనిషి ఉద్యోగానికి వెళ్లొస్తాడు, పిల్లల్ని చూసుకుంటాడు. ఒక్కసారిగా మాన్పించి ఇంటికి పంపినవాడే ఎక్కువగా చనిపోతున్నాడు. మానసిక దృఢత్వం ఉంటే చాలనే మాట ఎన్నో కుటుంబాలను శ్మశానం దాకా నడిపించింది, దాన్ని ఇకనైనా వదిలేయాలి. కౌంటీ జైళ్లు నడిపే షెరిఫ్‌ల అభ్యంతరం వేరు. మాత్రలు చేతులు మారతాయని, జైల్లో అదే వ్యాపారమవుతుందని వాళ్ల ఆందోళన. అది అర్థవంతమైనదే. నెలకొకసారి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ ఇంజెక్షన్ 2017 నుంచి ఉంది, దాన్ని దాచిపెట్టి అమ్ముకోవడం కుదరదు. ఖరీదు నెలకు వెయ్యి డాలర్లు దాటుతుంది, మామూలు జైలు బడ్జెట్ తట్టుకోలేదు. పరిహారపు డబ్బు అవసరపడేది సరిగ్గా ఇక్కడే.

నాకు అన్నిటికంటే బరువుగా తోచే అభ్యంతరం ఇంకొకటుంది. ఈ విడతలు ఏదో ఒక నాటికి ఆగిపోతాయి, నర్సులను పెట్టుకుని తర్వాత జీతాలెక్కణ్ణించి తేవాలి, ఒక్కసారి కొనిపడేసే వస్తువే క్షేమం కదా అని కౌంటీ మేనేజర్లు అంటారు. లెక్కలు చూసుకునేవాళ్లకు ఆ జాగ్రత్త ఉండాల్సిందే. కానీ 18 ఏళ్లంటే ఒక శిశువు ఓటరయ్యేంత కాలం, కేంద్ర గ్రాంట్లు చాలావరకు అంత నిలకడగా రావు. ఈలోగా మెడికెయిడ్ నిబంధన సడలవచ్చు, మందు ధర దిగవచ్చు. దేశంలో ఓవర్‌డోస్ మరణాలు 2022లో సుమారు 1,08,000 ఉండగా 2024లో 80,000 దగ్గరకు దిగాయి. తగ్గుతున్నాయి కదా అని చెయ్యి తీసేయడానికి ఈ అంకె సాకు కారాదు. 80,000 అన్నా రోజుకు రెండు వందలకు పైగా శవాలు. రేపటి జీతాల దిగులుతో ఈ ఏడాది విడుదలయ్యేవాణ్ని మందు లేకుండా పంపడం జాగ్రత్త అనిపించుకోదు.

ఈ సొమ్ము గురించి నార్త్ కరోలినా తన స్థానిక ప్రభుత్వాలతో చేసుకున్న ఒప్పందంలో నాకు నచ్చిన అంశం ఇది: ప్రతి కౌంటీ ఏ పనికి ఎంత, ఎంతకాలం అన్నది తీర్మానం చేసి బహిరంగంగా ప్రకటించాలి. సూటిగా నిధులు పెట్టదగిన పన్నెండు మార్గాల జాబితాలో ఖైదీల వ్యసన చికిత్స ఉంది. అంటే కొత్త అనుమతి ఏదీ అక్కర్లేదు, ఎంచుకోవడమే మిగిలింది. ఈ ఎంపికలో తెలుగువాళ్లకూ మాట ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఓటు లేకపోయినా, కౌంటీ కమిషనర్లు నెలకొకసారైనా ప్రజల మాట వినాలని ఇక్కడి చట్టం. తెలుగు డాక్టర్ల పాత్ర ఇంకా పెద్దది. బ్యూప్రెనార్ఫిన్ రాయడానికి ఒకప్పుడు కావలసిన ప్రత్యేక అనుమతి 2023 జనవరి నాటికి రద్దయింది. నియంత్రిత మందులు రాసే లైసెన్సున్న ఏ ఫ్యామిలీ డాక్టరైనా జైలు నుంచి వచ్చినవాణ్ని తన క్లినిక్‌లో చేర్చుకోవచ్చు. కౌంటీ బడ్జెట్ జూలై 1న మొదలవుతుంది, చర్చలు వసంతంలోనే సాగుతాయి. అప్పుడు లేచి అడగాల్సినవి ఇవి: నిరుడు మన జైలుకు వచ్చినవారిలో ఎందరిని వ్యసనం గురించి పరీక్షించారు, ఎందరికి మందు మొదలుపెట్టారు, వారం తిరిగేలోగా అపాయింట్‌మెంట్‌తో, చేతిలో ఓవర్‌డోస్‌కు విరుగుడైన నలాక్సోన్ స్ప్రేతో ఎందరిని బయటికి పంపారు.