మోగని దాగలి

కత్తులు చేయడం నేర్చుకుందామనుకునేవాడికి అన్నిటికంటే తేలిగ్గా దొరికేది నిప్పు. గ్యాసు సిలిండరు, వేడికి తట్టుకునే ఇటుకలు నాలుగు ఉంటే చిన్న కొలిమి తయారు. సుత్తె ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా ఉంటుంది. కత్తికి పనికొచ్చే 1084 రకం ఉక్కు పట్టీలు పోస్టులో వస్తాయి. ఎటొచ్చీ దాగలి దగ్గరే పేచీ. మంచి కొత్తది కొనాలంటే వెయ్యి డాలర్లు దాటే మాట. పాతది మంచిదో చెడ్డదో చూడగానే తెలియదు. వందేళ్ళ ఇనుప దిమ్మ తన గురించి తాను ఏమీ చెప్పుకోదు, అమ్మేవాడు మాత్రం చాలా చెబుతాడు.

2015లో హిస్టరీ ఛానెల్‌లో 'ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్' మొదలయ్యాక, పగలంతా కీబోర్డు కొట్టి సాయంత్రం ఇనుము కొడదామనుకునే నాలాంటివాళ్ళు ఎక్కువయ్యారు. ఆ సంగతి అమ్మేవాళ్ళకీ తెలుసు. ఇప్పుడు పాత దాగలికి పౌండుకింత అని ధర చెబుతున్నారు, బంగారం షాపులో తులం రేటు చెప్పినట్టు.

పేర్లు కూడా తికమకే. నేనుండే కొలంబస్‌లో ఒకప్పుడు ట్రెంటన్ అనే దాగళ్ళు చేసేవారు. న్యూజెర్సీలోని అసలు ట్రెంటన్ ఊళ్ళో చేసినవేమో ఫిషర్ దాగళ్ళు. హే-బడెన్ బ్రూక్లిన్‌ది. పీటర్ రైట్ ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చింది. వీటిలో చాలావాటికి ఒళ్ళంతా ఉక్కు కాదు. కింద మెత్తటి ఇనుమో పోత ఇనుమో ఉంటుంది, పైన సుమారు అర అంగుళం మందాన గట్టి ఉక్కు పలక. దాగలి ప్రాణమంతా ఆ పలకలోనే ఉంది.

కాబట్టి జేబులో రెండు వస్తువులు పెట్టుకుని వెళ్ళాలి: ఒక ఉక్కు బేరింగు గుండు, ఒక స్కేలు. 10 అంగుళాల ఎత్తు నుంచి వదిలిన గుండు 8 అంగుళాలు ఎగిరితే మంచి దాగలి. ఎగరలేదంటే రేపు మనం కొట్టే ప్రతి దెబ్బలోనూ కొంత దాగలే తినేస్తుందన్నమాట. ఒక్కచోట చూస్తే చాలదు. పలక లోపల ఎక్కడైనా ఊడి ఉంటే అక్కడ గుండు చచ్చినట్టు పడుతుంది, అందుకని ముఖమంతా రెండేసి అంగుళాలకి ఒకసారి వదిలి చూడాలి. సుత్తెతో మెల్లగా తట్టి గంటలా మోగుతుందా అని వినడం ఇంకో పరీక్ష. చాలామంది దీన్ని నమ్మినంతగా గుండుని నమ్మరు.

నేను చూసిన మొదటిది పీటర్ రైట్. పక్కన 1, 1, 10 అని మూడు అంకెలు చెక్కి ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్ళ పాత తూకం అది. మొదటి అంకెకి 112 పౌండ్లు, రెండోదానికి 28, మూడోది చిల్లర. మొత్తం 150. తట్టగానే గుడిగంటలా మోగింది. గుండు మాత్రం ఎక్కడ వదిలినా నాలుగంగుళాలు దాటలేదు. అమ్మే ఆయన్ని అడిగితే, వాళ్ళ నాన్న హయాంలో ఆ కొట్టం ఒకసారి తగలబడిందన్నాడు. ఎర్రగా కాలి తనంతట తాను చల్లారిన ఉక్కుకి గట్టిదనం పోతుంది, మోత పోదు. అప్పుడప్పుడూ పుస్తక సమీక్షలు రాసేవాణ్ణి కదా, ఇక్కడో పోలిక నోటిదాకా వచ్చింది. మింగేశాను.

రెండోది అద్దంలా మెరుస్తోంది. 'రిస్టోర్' చేశాడట. మిల్లింగు యంత్రం మీద ముఖాన్ని చదును చేయించాడు. పక్కనుంచి చూస్తే పలక గీత ఒక చివర దాదాపు మాయమైపోయింది. పాత దాగలికి చేసే సేవల్లో ఇంతకంటే పాపిష్టిది ఇంకోటి లేదు.

మూడోది ఫిషర్, సుమారు 100 పౌండ్లు. అంచులు పెచ్చులూడాయి, కొమ్ము మొన విరిగింది. తడితే దుంగని తట్టినట్టు చప్పుడు. ఫిషర్లు అంతే, కింద పోత ఇనుము కాబట్టి మోగవు. కానీ గుండు ముఖమంతా ఎనిమిదికి తగ్గకుండా ఎగిరింది. ఫోటో తీసి బాపుకి పంపాను.

"గా కొమ్ము ఇరిగింది గదరా."

"అందుకే తక్కువకిస్తున్నడు బాపు."

"అయినా కత్తికి కొమ్మెందుకు? మన కమ్మరాయన దాగలికి కొమ్ముండెనా?"

ఉండేది కాదు. కొమ్ము లాడాలకీ కడియాలకీ కావాలి గానీ కత్తికి అక్కర్లేదు. మా ఊళ్ళో ఆయన దాగలి మొద్దులో దిగ్గొట్టిన నలుచదరపు దిమ్మ. నేల మీద కూర్చుని కొట్టేవాడు, భార్య సమ్మెట వేసేది. కొడవళ్ళు, గొడ్డళ్ళు, నాగటి కర్రులు అన్నీ ఆ దిమ్మ మీదే. ఆ దాగలి ఏమైందని అడిగాను.

"ఏమైతది? ట్రాక్టర్లొచ్చినంక కొలిమి ఎవలికి గావాలె. కొడుకు దుబాయి వోయిండు. ముసలాయన వోయినంక పాత సామాన్లోనికి కిలోల లెక్కన అమ్మిన్రు. నువ్వెంతకు కొంటున్నవ్?"

చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయనకు మనం ఏడాదికి కొలిచిన వడ్లు అంత గావురా," అన్నాడు.

ఇక్కడ కత్తులు చేసేవాళ్ళతో మాది నిజామాబాదు జిల్లా అంటే కొందరు కళ్ళు పెద్దవి చేస్తారు. కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారని వాళ్ళూ చదివారు. వింటే నాకూ బాగానే ఉంటుంది. కానీ మా ఊళ్ళో ఆ గర్వాన్ని కమ్మరి ఇంటిదాకా తీసుకెళ్ళినవాళ్ళెవరూ నాకు తెలియదు. కళ్ళంలో అందరి తర్వాత నిలబడి మేర తీసుకున్న మనిషి ఆయన. ఆ పని ఆయన కొడుకుని ఊళ్ళో ఉంచలేకపోయింది. నేనేమో డబ్బిచ్చి శనాదివారాలకి దాన్ని కొనుక్కుంటున్నాను. దీన్ని 'మూలాల్లోకి ప్రయాణం' అని మాత్రం అననివ్వను, మా స్నేహితుడొకడు అన్నాడు. ఇది సరదా. ఖర్చుతో కూడిన సరదా. అలా చెప్పుకుంటేనే ఆయన పట్ల కాస్త మర్యాదగా ఉంటుందని నా అభిప్రాయం.

ఫిషర్‌నే కొన్నాను. ఇద్దరం కలిసి కారులోంచి దించాం. మోగేవాటికి గొలుసు చుట్టి నోరు నొక్కాలట, దీనికా అవసరం లేదు, పక్కింటివాళ్ళు బతికిపోయారు. ఎల్మ్ మొద్దు ఒకటి దొరికింది. చేతులు వేలాడేసి నిలబడితే పిడికిలి ఎంత ఎత్తులో ఉంటుందో దాగలి ముఖం అంత ఎత్తులో ఉండాలి. కూర్చుని కొట్టవా అని బాపు అడిగాడు. నా మోకాళ్ళు ఒప్పుకోవన్నాను. మొద్దు ఇంకో రెండంగుళాలు కోయాలి, శనివారం రంపం అద్దెకి తెస్తాను.