తారల పుట్టినిల్లు

కొన్నేళ్ళ క్రితం, ఒక వానాకాలపు రాత్రి షిఫ్టులో, యార్డు నుండి మా ప్రయోగశాలకు ఒక చిక్కు వచ్చిపడింది. మూడు హీట్లకు చెందిన బిల్లెట్లు కలిసిపోయాయి. వాటిపై రంగుతో వేసిన అంకెలు చెరిగిపోయాయి. అన్నింటినీ తుక్కు కింద పంపివేయాలని ఒక మాట, అంకెలు వేసిన కాంట్రాక్టు కార్మికుని పనిలో నుండి తీసివేయాలని మరొక మాట వినిపించాయి.

మేము ఒక్కొక్క బిల్లెట్టు నుండి చిన్న ముక్క కోయించి స్పెక్ట్రోమీటరుపై పెట్టి చూచాము. ఒక హీటు కర్బనం, మాంగనీసు పాళ్ళతోనే విడిపోయింది. మిగిలిన రెండూ ఒకే గ్రేడు. వాటిని వేరుచేసినవి రాగి, తగరం. కర్బనాన్నీ మాంగనీసునూ కావలసిన పాళ్ళకు మేమే సరిదిద్దుతాము. తుక్కుతోపాటు వచ్చిన రాగి, తగరం మాత్రం ఎంత కాచినా పోవు. బజారు తుక్కు ఎక్కువ పడిన హీటు ఆ జాడతోనే దొరికిపోయింది.

"నక్షత్రాల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారు చేసేదీ ఇదేనటండీ" అన్నారు మాలో ఒకరు, టీ తాగుతూ. ఆ ఒక్క మాట మమ్మల్ని నెలల తరబడి గ్రంథాలయం చుట్టూ తిప్పింది.

ప్రతి మూలకానికీ తనవైన వర్ణరేఖలు ఉంటాయని 1859-60లో కిర్కాఫ్, బున్సెన్‌లు నిరూపించారు. ఈ కథలో మన గుంటూరుకూ చోటుందని తెలిసి మాకు కొంత గర్వం కలిగిందని ఒప్పుకోవాలి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుండి వర్ణపటదర్శినితో పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యుని అంచున లేచే జ్వాలలు ప్రధానంగా హైడ్రోజన్ వాయువేనని గ్రహించారు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు రేఖయే తరువాత హీలియం కథకు నాంది.

తొలి విశ్వంలో హైడ్రోజన్, హీలియం, లేశమాత్రం లిథియం తప్ప మరేమీ లేవు. తక్కిన మూలకాలలో అత్యధికం తారలలో వండినవే. భారీ తారలు కొన్ని కోట్ల సంవత్సరాలలోపే పేలిపోయి ఆక్సిజన్, మెగ్నీషియంలను వెదజల్లుతాయి. ఇనుములో పెద్దభాగం శ్వేతకుబ్జ తారల విస్ఫోటనాల నుండి ఆలస్యంగా అందుతుంది. పెద్ద గెలాక్సీలో తారలు వడివడిగా పుడతాయి కాబట్టి, ఆ రెండవ ఇనుము చేరేలోపే పుట్టినవాటిలో ఇనుముతో పోల్చితే మెగ్నీషియం ఎక్కువ. చిన్న గెలాక్సీలో పని మందకొడి. అక్కడి తారలలో ఇనుము ఇంకా కొద్దిగా ఉండగానే ఆ నిష్పత్తి పడిపోతుంది.

2010లో నిస్సెన్, షుస్టర్‌లు సూర్యుని పరిసరాలలోని 94 తారలను కొలిచి, పాలపుంత పరివేషానికి చెందిన ముసలి తారలు రెండు వంశాలుగా విడిపోతున్నాయని చూపారు. 2018లో గయా ఉపగ్రహపు కొలతలతో రెండవ వంశం ఊరు బయటపడింది. సుమారు 1000 కోట్ల సంవత్సరాల క్రితం పాలపుంత మింగివేసిన ఒక చిన్న గెలాక్సీ అది. గయా-ఎన్‌సెలాడస్ అని దానికి పేరు. ఆ ఇల్లు ఏనాడో పోయినా దాని బిడ్డలు మన చుట్టుపక్కలనే ఉన్నారన్నమాట!

మరొక సంగతి మమ్మల్ని ముచ్చటపరిచింది. తార వయసు మళ్ళి అరుణ మహాతారగా ఉబ్బినపుడు లోపలి పదార్థం పైకి కలిసి కర్బనం, నైట్రోజన్ పాళ్ళు మారిపోతాయట. అందుచేత పుట్టుక తేల్చేటపుడు కర్బనాన్ని వారూ తేలికగా నమ్మరు.

రెండు రోజులలో యార్డులోని బిల్లెట్లకు అంకెలు తిరిగి పడ్డాయి. వేసినది ఆ కార్మికుడే. ఎటూ తేలని రెండు మాత్రం తుక్కులోకి పోయాయి.