ఏ ఎక్లిప్స్ దించుకోవాలి?

ఎక్లిప్స్‌కి సొంతంగా ఓ ప్లగిన్ రాద్దామని సరదా పుట్టిందా? మంచిదే. డౌన్‌లోడ్ పేజీ తెరిచారంటే ఒకటికి పది ఎక్లిప్స్‌లు వరసగా కనిపిస్తాయి. చాలామంది ‘జావా డెవలపర్స్’ అని ఉన్నదాన్నే దించుకుంటారు. ప్లగిన్ రాసేదీ జావాలోనేగా, అనుకోవడంలో తప్పేముంది! తీరా తెరిచి కొత్త ప్రాజెక్ట్ మొదలెడదామంటే ఆ జాబితాలో ప్లగిన్ ప్రాజెక్ట్ అన్న మాటే ఉండదు. గిట్, మేవెన్, గ్రేడిల్ అన్నీ ఉంటాయి, ప్లగిన్లు రాయడానికి కావలసిన పి.డి.ఇ. (ప్లగిన్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్) తప్ప. పెళ్ళివంటకి దిగాక గరిటె కోసం పక్కింటికి పరిగెత్తినట్టుంటుంది.

అలాగని ఆ జావా ప్యాకేజీని తీసిపారేయక్కర్లేదు లెండి. ఎక్లిప్స్ అంటేనే ప్లగిన్ల పోగు. 2004లో వచ్చిన 3.0 నుంచీ అది ఓ.ఎస్.జి.ఐ. అనే మాడ్యూళ్ళ పద్ధతిమీదే నడుస్తోంది. మీరు కోడ్ కొట్టే జావా ఎడిటర్ కూడా కొన్ని ప్లగిన్లే. ఈ ప్యాకేజీలన్నిటికీ పునాది ఒక్కటే, పైన పేర్చిన సామానే వేరు. హెల్ప్ మెనూలోంచి పి.డి.ఇ.ని ఎప్పుడైనా తెచ్చి పెట్టుకోవచ్చు.

కొత్తగా దించుకునేవాళ్ళకైతే ‘ఆర్.సి.పి. అండ్ ఆర్.ఎ.పి.’ ప్యాకేజీ ఉంది. ప్లగిన్లు రాసేవాళ్ళకని దాని వివరంలోనే చెప్పారు. నా ఓటు మాత్రం ‘ఎక్లిప్స్ కమిటర్స్’ ప్యాకేజీకి. ఆ పేరు చూసి, ఇదేదో ఎక్లిప్స్‌నే తయారుచేసే పెద్దలకి, మనకెందుకని చాలామంది జడుసుకుంటారు. జడుపెందుకండీ, దాన్లో పి.డి.ఇ.తో పాటు ఎక్లిప్స్ సోర్స్ కోడ్ కూడా వస్తుంది. ఏదైనా వ్యూ మీద క్లిక్ చేసి ఆల్ట్, షిఫ్ట్, ఎఫ్1 కలిపి నొక్కి చూడండి. అది ఏ ప్లగిన్‌ది, ఏ క్లాస్ గీసింది అన్నీ చిన్న పెట్టెలో బయటపడతాయి. క్లాస్ పేరు నొక్కితే దాని కోడే తెరుచుకుంటుంది. ప్లగిన్ రాయడం పుస్తకాల్లో కంటే ఇలా పక్కవాడి కోడ్ చూసే ఎక్కువ వంటబడుతుంది, నన్నడిగితే.

ఇంతా చేసి, ప్యాకేజీ కంటే కొంప ముంచేది వేరే ఉంది: టార్గెట్ ప్లాట్‌ఫామ్, అంటే మీ ప్లగిన్ ఏ ఎక్లిప్స్ కోసమన్నది. మీరేమీ చెప్పకపోతే, మీరు వాడుతున్న ఎక్లిప్స్‌నే పి.డి.ఇ. టార్గెట్‌గా పట్టుకుంటుంది. మీ దగ్గర సరికొత్తది ఉంటే, అందులోని కొత్త మెథడ్‌లు వాడేస్తారు. మీ టెస్టుల్లో ప్లగిన్ చక్కగా ఆడుతుంది. రేపు దాన్ని ఏ క్లయింటుకో ఇస్తే, వాళ్ళ ఆఫీసులో పాత ఎక్లిప్స్ మీద మొరాయిస్తుంది. పైగా జావా గొడవొకటి: 2020-09 రిలీజు నడవాలంటే జావా 11 కావాలి, 2022-09కి 17. మీ ప్లగిన్ మ్యానిఫెస్ట్‌లో కావలసిన జావా 17 అని రాసిపెడితే 11 మీద నడిచే ఎక్లిప్స్ దాన్ని లోపలికే రానివ్వదు.

కాబట్టి ప్యాకేజీ దించుకునే ముందే క్లయింటుకి ఫోన్ కొట్టి, వాళ్ళ ఎక్లిప్స్ ఏ రిలీజో, కింద ఏ జావా ఉందో కనుక్కోండి. పాత రిలీజులు ఆర్కైవ్‌లో దొరుకుతాయి. మీరు రాసుకునేది కొత్తదాన్లోనే రాసుకుని, టార్గెట్‌గా మాత్రం వాళ్ళ పాతదాన్ని చూపించండి.