తీగ చివర మన పిల్లలు

మా దగ్గర చదివి ఐటీఐ చేసిన పిల్లలు ఫ్యాక్టరీల్లో వైర్లు లాగుతున్నారు. రిమోట్ ఐఓ మాడ్యూల్ స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం పక్కన నిలబెడతారు. యంత్రం దగ్గరే ఉండి సెన్సార్ల కబురు పీఎల్‌సీకి, దాని ఆజ్ఞ వాల్వులకు చేరవేసే పెట్టె అది. ముందు 24 వోల్టుల డీసీ సరఫరా, ఎర్తింగ్ చూడాలి. ప్రొఫీనెట్ అయితే ప్రోగ్రాములో రాసిన పేరే మాడ్యూల్‌కు పెట్టాలి; ఒక్క అక్షరం మారినా పీఎల్‌సీ గుర్తుపట్టదు. (రిజిస్టర్లో మన ఇంటిపేర్ల గతి తెలిసిందే!) తర్వాత ఇన్‌పుట్లు ఒక్కొక్కటీ పరీక్షించాలి. 4–20 మిల్లీయాంపుల లెవెల్ సెన్సార్ ట్యాంకు ఖాళీగా ఉన్నా 4 పంపుతుంది. సున్నా వచ్చిందంటే వైరు తెగిందనో, సరఫరా పోయిందనో అనుమానించాలి. ఈ ముక్క మేం తొమ్మిదో తరగతిలోనే చెబుతున్నాం. అవుట్‌పుట్లు చివరికి, అదీ యంత్రం దగ్గర ఎవరూ లేరని చూశాకే. అక్కడ వైరు పట్టుకుని ఉండేది మన పిల్లవాడే.