నలుపు దాచదు

కాప్రా అనగానే చెరువూ, 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థా గుర్తుకు వస్తాయి. నన్నక్కడికి నడిపించింది మాత్రం మా నాన్నగారి అంబాసిడరు. 2014లో ఆ కార్ల తయారీయే ఆగిపోయింది. పాడుచేసుకుంటే కొత్తది దొరకదు. దానికి నిగనిగలాడే నల్లరంగు వేయించాలని మా అమ్మగారి కోరిక.

షెడ్డులో మేస్త్రీ రేకుమీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని మెల్లగా జరిపాడు.

"తెలుపు దాస్తుందండీ. నలుపు అద్దం, రేకు వంకరైతే అందులో కరెంటు స్తంభమూ వంకరే" అన్నాడు.

తుప్పు గీకి, సొట్టలు సుత్తితో లేపి, మిగిలిన పల్లాలకు పలచగా లప్పం పెట్టారు. ఆరాక 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 180, 320 దాకా రుద్దారు. కాగితాన్ని చెక్కదిమ్మెకు చుట్టాలి. ఉత్త వేళ్ళతో రుద్దితే చాళ్ళు పడతాయి. ప్రైమరుమీద వేరే రంగు పలచగా చల్లి మళ్ళీ రుద్దితే, పల్లంలో ఆ రంగు మిగిలి దొంగను పట్టిస్తుంది.

ఎడమ తలుపు అడుగు తుప్పుతో జల్లెడయింది. లప్పంతో పూడిస్తే ఖర్చు తగ్గేదే. "వానాకాలానికి పొంగుతుందండీ" అన్నాడు మేస్త్రీ. కొత్త రేకు అతికించమన్నాను.

రేకుపనికి పదిరోజులు పట్టింది. నల్లరంగు కొట్టింది ఒక్కపూటే. రోడ్డువార ఆపి చూశాము. ఎడమ తలుపులో కరెంటు స్తంభం నిటారుగా నిలబడి ఉంది.